ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర': అపోహలు - వాస్తవాలు

కడపలో ఏళ్ల తరబడి రీళ్లు ఆడించిన ఆపరేటర్‌ని. ఇప్పుడు కాలేజీ పిల్లలకు పాత సినిమాలు వేసి చూపిస్తుంటాను. మన దేశంలో మొదటి పూర్తి నిడివి కథా చిత్రం 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే పేరుతో ఇచ్చే అవార్డు మన జిల్లా అన్నదమ్ములు బి.ఎన్.రెడ్డికీ, నాగిరెడ్డికీ వచ్చింది కాబట్టి ఆయన పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన పనితనం గురించే తప్పుడు మాటలు ఎక్కువ.

అపోహ: మూకీల్లో మనుషులు గెంతుతున్నట్టు నడుస్తారు, అప్పటి నటనే అంత.

తప్పు నటులది కాదు, స్పీడుది. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకు సుమారు 16 ఫ్రేములు పడేవి. టాకీలు వచ్చాక అది 24 అయింది. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 1913లో వచ్చిన 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్లు, దాదాపు 3,700 అడుగులు. సెకనుకు అడుగు చొప్పున వదిలితే గంటకు పైగా ఆడుతుంది. 24 మీద ఆడిస్తే 41 నిమిషాల్లో అయిపోతుంది. రాజు నడకలోని హుందాతనం పోయేది అక్కడే. ఫోన్లో చూసేటప్పుడు మనుషులు పరుగులు పెడుతున్నట్టుంటే స్పీడు 0.75కి తగ్గించండి, తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: నాటకాన్ని కెమెరా ముందు ఆడించి తీసేశాడు.

ఫాల్కే బొంబాయిలో చిత్రకళ చదివారు. ఫొటోగ్రఫీ, ప్రింటింగు, ఇంద్రజాలం అన్నీ తెలిసిన మనిషి. పెట్టుబడి పెట్టేవాళ్లను నమ్మించడానికి బఠాణీ గింజ మొలకెత్తడాన్ని రోజుల తరబడి కొంచెం కొంచెంగా కెమెరాకెక్కించారు. హరిశ్చంద్రలో మంటల్లోంచి త్రిశక్తులు కనిపించేది కూడా కెమెరా పనితనమే. అప్పుడు ఫిల్ముకు అంచు రంధ్రాలు కూడా చీకట్లో సొంతంగా కొట్టుకోవాలి. ఆ పని ఆయన భార్య సరస్వతీబాయి నేర్చుకున్నారు. ఒక్క రంధ్రం అటూఇటూ అయినా తెర మీద బొమ్మ వణుకుతుంది. ప్రొజెక్టర్ క్యాబిన్‌లో బతికినవాణ్ని, ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను.

అపోహ: ఆడవాళ్లు వద్దనుకుని మగవాడితో తారామతి (మన చంద్రమతి, హరిశ్చంద్రుడి భార్య) వేషం వేయించాడు.

ఎంత అడిగినా ఎవరూ ముందుకు రాలేదు. చివరికి హోటల్లో పనిచేసే అన్నా సాలుంకే ఆ వేషం కట్టాడు. మన జిల్లాలోని సురభిలో 1885లో మొదలైన నాటక కుటుంబంలో మాత్రం ఇంటి ఆడవాళ్లే స్త్రీ పాత్రలు వేసేవాళ్లు! ఫాల్కే తర్వాతి సినిమా 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు.

అపోహ: నెట్లో దొరికేది 1913 సినిమా మొత్తం.

మిగిలినవి మొదటి, చివరి రీళ్లే. అవి కూడా ఫాల్కే 1917లో మళ్లీ తీసిన సినిమావని కొందరు చరిత్రకారుల వాదన. వీడియో షేర్ చేసేటప్పుడు 'మొదటి సినిమా పూర్తిగా' అని రాయకండి.