మాల్దీవుల్లో నీళ్ల పని: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఏడేళ్లుగా మాల్దీవుల్లో మంచినీటి లైన్లు, మురుగు లైన్లు వేసే పనిలో ఉన్నాను, సివిల్ సైట్ ఇంజనీర్‌ని. మాది కోనసీమ. సెలవుకి ఇంటికెళ్తే చాలు, మా బాబాయ్ మొదటి ప్రశ్న "ఏరా, ఆ దేశం మునిగిపోతుందంట కదా, నీ ఉద్యోగం సంగతేంటి?" అని. ఆ తర్వాత ఫ్రెండ్స్ మొదలుపెడతారు: నీళ్ల మధ్య ఉండి నీళ్లకి కరువేంటి, అన్ని డాలర్లు వస్తుంటే కరెంటు డీజిల్ మీదేంటి, దీవులన్నిటికీ బ్రిడ్జిలు వేసేస్తే పోలేదా అని. వాళ్ల తప్పేం లేదు, ఇక్కడికి వచ్చేముందు నాకు తెలిసింది కూడా అంతే. ఒక్కో ప్రశ్నకీ ఫోన్లో సగం సగం చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేద్దామని కూర్చున్నాను.

అపోహ: మాల్దీవులంటే ఒక దీవి, మహా అయితే పదో పదిహేనో.

1,190కి పైగా దీవులున్నాయి, వాటిలో జనం కాపురముండే ఊళ్లు 180కి పైమాటే, రిసార్టులకి ఇచ్చినవి ఇవి కాకుండా. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి సుమారు 870 కిలోమీటర్లు, అంటే మన విశాఖ నుంచి చెన్నై రోడ్డు మీద ఎంతో అంతకంటే కాస్త ఎక్కువ. అంత పొడవునా ఉన్న నేలంతా కలిపితే మాత్రం 300 చదరపు కిలోమీటర్లే. హైదరాబాద్ పాత జీహెచ్ఎంసీ 650 చదరపు కిలోమీటర్లు, అందులో సగం కూడా రాదు. 2022 జనాభా లెక్కల్లో 5,15,132 మంది తేలారు, అందులో 41 శాతం రాజధాని మాలే నగరంలోనే. మిగతావాళ్లు ఐదొందలు, వెయ్యి, రెండు వేలు చొప్పున చెల్లాచెదురుగా ఉన్నారు.

ఈ చెల్లాచెదురు అన్నదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. మన దగ్గర ఒక ఊరికి నీళ్లు తక్కువైతే పక్క మండలం నుంచి పైపు లాగుతాం, కరెంటు పోతే ఇంకో సబ్‌స్టేషన్ నుంచి తీసుకుంటాం. ఇక్కడ ఎనిమిది వందల మంది ఉన్న దీవికి కూడా సొంత జనరేటర్లు, సొంత నీళ్ల ప్లాంటు, సొంత రేవు, సొంత ఆసుపత్రి, సొంత బడి ఉండాలి. ఒకే ఊరిని 180 సార్లు కట్టడమే ఈ దేశంలో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటే.

అపోహ: దీవిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే.

ఇది నేనూ నమ్మిన మాటే. మా వైపు ఒడ్డున బోరు కాస్త లోతుకి దించితే ఉప్పు తగులుతుంది కదా, నడిసముద్రంలో ఇంకెంత ఉంటుందో అనుకున్నాను. తీరా చూస్తే ఇక్కడ ప్రతి పాత ఇంటి వెనకా ఒక బావి ఉంది. వానలు బాగా పడ్డ ఏడాది ఆ నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఇంటి వెనక పైకప్పు లేని స్నానాల గది ఉంటుంది, దాన్ని గిఫిలి అంటారు, అందులోనే బావి. పొడుగాటి కర్రకి డబ్బా కట్టి నీళ్లు తోడతారు, ఆ కర్ర పేరు ధాని. మా దీవిలో ఒక పెద్దావిడ ఇప్పటికీ దాంతోనే తోడి మొక్కలకి పోస్తుంది, ఇంట్లో మోటారు ఉన్నా సరే.

సంగతేంటంటే, వాన నీళ్లు ఇసకలోకి దిగి కిందున్న ఉప్పునీటి మీద తేలుతాయి, నీళ్ల మీద నూనె తేలినట్టు. సముద్రమట్టం కంటే ఒక అంగుళం పైకి మంచినీళ్లు నిలిస్తే లెక్క ప్రకారం కింద నలభై అంగుళాల దాకా మంచినీళ్లే ఉండాలి, ఉప్పునీటి బరువు అంతే తేడా కాబట్టి. కానీ చిన్న దీవిలో ఆ పొర పల్చగా ఉంటుంది, పైగా కింది అంచు మసక, తియ్యదనం నుంచి ఉప్పదనానికి మెల్లగా మారుతుంది. దాన్ని మోటారు పెట్టి గట్టిగా లాగితే కిందినుంచి ఉప్పు పైకి ఉబికి వస్తుంది, ఒకసారి వచ్చిందంటే మళ్లీ వానలే దాన్ని కిందికి తొయ్యాలి.

దాన్ని పాడుచేసింది ఉప్పు ఒక్కటే కాదు. ఇళ్లల్లో సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి, ఆ మురుగు అదే ఇసకలోకి దిగింది, పదడుగుల దూరంలో బావి. అందుకే ఇక్కడ మురుగు లైను వెయ్యడమంటే తాగునీటి పనే. ఈ మాట కొత్తగా వచ్చే కుర్ర ఇంజనీర్లకి నేను మొదటిరోజే చెప్తాను.

2004 డిసెంబర్ 26 సునామీలో సముద్రం దీవుల మీంచి పోయింది, ఎన్నో దీవుల్లో బావులు ఉప్పెక్కిపోయాయి. ఆ ఒక్కరోజు నష్టం దేశ ఏడాది సంపాదనలో 60 శాతం దాటిందని అంచనా వేశారు. ఇప్పుడు ఇళ్ల ముందు కనిపించే 2,500 లీటర్ల వాననీటి ట్యాంకుల్లో చాలావరకు ఆ తర్వాత పంచినవే.

అపోహ: ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు పెట్టేస్తే ఇక టెన్షన్ లేదు.

ప్లాంటు పెట్టడం సులువే, నడపడం దగ్గరే ఉంది కథంతా. సముద్రపు నీళ్లని 55, 60 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లతో, ఉప్పుని ఆపే పొరల్లోంచి తోస్తే మంచినీళ్లు వస్తాయి. చిన్న ప్లాంటులో వెయ్యి లీటర్లకి సుమారు 4 యూనిట్ల కరెంటు పడుతుంది, ఆ కరెంటు డీజిల్ జనరేటర్‌ది కాబట్టి వెయ్యి లీటర్ల నీళ్లంటే లీటరు పైచిలుకు డీజిల్. ఆ డీజిల్ ఓడలో దేశానికి రావాలి, పడవలో దీవికి రావాలి. మీ ఇంట్లో రోజూ ఎన్ని బకెట్లు వాడతారో ఒకసారి లెక్కేసుకోండి.

మాలేలో 2014 డిసెంబర్ 4న నీళ్ల ప్లాంటులో మంటలు లేచాయి. లక్షమందికి పైగా ఉన్న రాజధానిలో కొళాయిలు ఆగిపోయాయి. నదులు లేవు, చెరువులు లేవు, పక్క ఊరు లేదు. మర్నాడే మన వైమానిక దళం విమానాల్లో నీళ్ల సీసాలు దించింది, నావికాదళం ఐఎన్ఎస్ సుకన్యని పంపింది, ఓడలోనే సముద్రపు నీళ్లు శుద్ధిచేసి ఇచ్చింది. దానికి ఆపరేషన్ నీర్ అని పేరు. మా ఫీల్డులో ఇప్పటికీ ఎవరైనా స్టాండ్‌బై ప్లాంటు ఖర్చు దండగ అంటే ఆ రోజు గుర్తుచేస్తాం. 2024 ఆగస్టులో భారత్ ఇచ్చిన అప్పుతో 28 దీవుల్లో మంచినీటి, మురుగునీటి వ్యవస్థలు ప్రారంభమయ్యాయి. దీవుల్లో కొళాయి నీళ్లు ఇంత ఇటీవలి సంగతన్నమాట. అంతకుముందు ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ట్యాంకులు అడుగంటి, మాలే నుంచి పడవల్లో నీళ్లు తెప్పించుకునేవి ఎన్నో దీవులు.

అపోహ: ఇసకలో తవ్వకం ఏముంది, వెన్నలో కత్తి దించినట్టు దిగుతుంది.

దిగుతుంది, నిలబడదు. పగడం అరిగి అయిన తెల్ల ఇసక ఇది, జిగి ఉండదు. మీటరు తవ్వేసరికి కింద నీళ్లు ఊరతాయి, రెండు పక్కలా గోడ జారిపోతుంది. నీళ్లు తోడుతూనే పైపు వెయ్యాలి, తోడితే పక్కింటి బావి ఉప్పెక్కుతుంది, దగ్గర్లో సీమపనస చెట్టు ఉంటే ఆకులు వాడతాయి, తోడిన బురదనీళ్లు నేరుగా సముద్రంలోకి వదిలితే పగడాల మీద మేట వేస్తుంది. అందుకని తోడటానికీ పర్యావరణ శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతిని అడ్డంకి అనేవాళ్లతో నేను ఒప్పుకోను, ఆ బావి మన అమ్మమ్మ ఇంట్లోదైతే మనమూ అడుగుతాం.

ఇంకో చిక్కు వాలు. మురుగు తనంతట తాను పారాలంటే వంద మీటర్లకి అర మీటరైనా పైపు దిగాలి. దీవేమో అరచెయ్యిలా చదును. నాలుగొందల మీటర్లు పోయేసరికి పైపు రెండు మీటర్లు కిందికి, అంటే పూర్తిగా నీళ్లలోకి వెళ్లిపోతుంది. అందుకే ప్రతి కొన్ని వందల మీటర్లకీ ఒక తొట్టి, అందులో పంపు. ఆ పంపులకీ కరెంటు, మళ్లీ డీజిల్.

మొదటి ఏడాది నాకు బాగా తగిలిన దెబ్బ ఈ తొట్టి దగ్గరే. ఫైబర్ తొట్టి, ఎత్తు రెండున్నర మీటర్లు, సాయంత్రానికి గుంతలో దించాం, అడుగున కాంక్రీటు మర్నాడు పొద్దున్న పోద్దామని వదిలేశాం. రాత్రి వాన పట్టుకుంది, నీళ్లు తోడే మోటారు రెండింటికి ఆగిపోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే తొట్టి అడుగున్నర పైకి లేచి పక్కకి ఒరిగి ఉంది, ఖాళీ కుండ నీళ్లలో తేలినట్టు. దానికి బిగించిన రెండు పైపుల మెడలూ విరిగాయి. అవి ఆ దీవిలో దొరకవు, మాలేలో స్టాకు లేదు, పైగా నైరుతి గాలి జోరుమీదుంది. సరుకు పడవ వచ్చేసరికి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ వీధి అడ్డంగా తవ్వి ఉంది, పిల్లలు బడికి చుట్టుతిరిగి వెళ్లారు. ఒక్కళ్లు కూడా నన్ను గట్టిగా ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ బాధపడ్డాను. అప్పటినుంచి తొట్టి దించిన పూటే కాంక్రీటు పడాలి, లేదా నిండా నీళ్లు నింపి వదలాలి. ఈ రెండిట్లో ఏదో ఒకటి అవ్వందే నేను సైటు వదలను.

అపోహ: చుట్టూ ఇసకే కదా, కాంక్రీటుకి కొదవేంటి?

ఈ ఇసకలో ఉప్పుంది, కాంక్రీటులో వేస్తే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. కంకర అసలే లేదు, దేశంలో ఒక్క కొండ లేదు. పాతకాలంలో పగడపు రాయి కోసి కట్టేవాళ్లు, మాలేలో 1658 నాటి పాత మసీదు ఆ రాతిదే, చెక్కడం చూస్తే చెయ్యి పెట్టి తడమాలనిపిస్తుంది. కానీ అలల్ని ఆపే పగడాన్ని తవ్వితే దీవికి కాపలా పోయినట్టే కాబట్టి ఆ దారి మూసేశారు. ఇప్పుడు ఏటి ఇసక, కంకర మన దేశం నుంచే. 2024-25కి భారత్ ఇచ్చిన కోటా ఇసక 10 లక్షల టన్నులు, కంకర 10 లక్షల టన్నులు, దాంతోపాటు గుడ్లు సుమారు 42 కోట్లు, ఉల్లిపాయలు 35 వేల టన్నుల పైన. ఆ కంకర ఓడలో వచ్చి, బార్జిలోకి మారి, దీవి రేవులో సంచుల్లో దిగేసరికి ధర ఎంతవుతుందో చెప్పక్కర్లేదు.

అపోహ: టూరిజం డబ్బుంది, ఇంకేం లోటు?

1972లో మొదటి రిసార్టు తెరిచారు, 2024లో 20 లక్షలమంది టూరిస్టులు వచ్చారు, డబ్బు నిజమే. అయితే ఒక దీవి ఒక రిసార్టు అన్నది ఇక్కడి పద్ధతి. రిసార్టు తన కరెంటు, తన నీళ్లు తనే చూసుకుంటుంది, పక్కనే ఉన్న ఊరికి ఆ లైను రాదు. వచ్చిన డాలర్లలో పెద్ద వాటా బియ్యానికి, డీజిల్‌కి, సిమెంటుకి తిరిగి బయటికే పోతుంది. ఊళ్లలో గెస్ట్‌హౌసులకి 2009 తర్వాత అనుమతిచ్చాక మామూలు కుటుంబాలకీ కొంత చేరింది, నా దృష్టిలో ఇక్కడ జరిగిన మంచి మార్పుల్లో అదొకటి. కానీ గెస్ట్‌హౌసు పెరిగిన కొద్దీ నీళ్ల వాడకం పెరుగుతుంది, మేం వెయ్యిమందికి లెక్కేసిన ప్లాంటు సీజన్లో పదిహేను వందలమందికి పనిచెయ్యాలి.

అపోహ: అన్నిటికీ బ్రిడ్జిలు వేసేస్తే సరి.

మాలేని విమానాశ్రయానికి, హుల్హుమాలేకి కలిపే బ్రిడ్జి 2018లో తెరిచారు. మాలే నుంచి తిలఫుషి దాకా 6.74 కిలోమీటర్ల ఇంకో వంతెన భారత్ సాయంతో కడుతున్నారు. అవి పక్కపక్క దీవులు, జనం కిక్కిరిసిన చోటు. దీవులు గుంపులు గుంపులుగా పగడాల దిబ్బ మీద ఉంగరంలా ఉంటాయి, ఒక్కో గుంపుని అటాల్ అంటారు. ఒక అటాల్‌కీ ఇంకో అటాల్‌కీ మధ్య సముద్రం వందల మీటర్ల లోతు, అక్కడ స్తంభం నాటే మాటే లేదు. అన్నట్టు అటాల్ అన్న మాట ప్రపంచానికి వీళ్ల దివేహి భాష ఇచ్చిందే.

అపోహ: ఇంకో ఇరవై ఏళ్లలో మొత్తం మునిగిపోతుంది.

బాబాయ్ ప్రశ్న ఇదే. భయం అబద్ధం కాదు, నేల సగటు ఎత్తు మీటరున్నర, సముద్రం పెరుగుతోంది. కానీ దీవిని నీళ్లలో పెట్టిన పళ్లెంలా ఊహించుకోకండి. ఈ ఇసకని చేసేవి పగడాలు, వాటిని కొరికి తినే చిలకచేపలు. ఈశాన్య గాలికి ఒక పక్క మేట, నైరుతికి ఇంకో పక్క, బీచ్ ఏడాదికోసారి అటూ ఇటూ జరుగుతుంది. చుట్టూ పగడాల దిబ్బ బతికుంటే దీవి తనని తాను సర్దుకునే వీలు కొంత ఉంది. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చాయి, అసలు దెబ్బ అది. రెండోది మేం కట్టేవి. రేవు గోడ కడితే ఇసక నడక ఆగుతుంది, ఒక పక్క పేరుకుని ఇంకో పక్క కోసుకుపోతుంది, ఇళ్లు మాత్రం జరగవు. నేను పనిచేసిన ఒక దీవిలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా నీళ్లలోకి ఒరిగి ఉన్నాయి, రేవు కట్టిన ఆరేళ్లకే అలా అయిందని అక్కడివాళ్లు చూపించారు.

ఇంకో మాట, నేల మునగడానికి చాలా ముందే బావి పోతుంది. అలలు ఒక్కసారి పైకొచ్చి వెళ్లినా ఆ పల్చటి మంచినీటి పొర పాడవుతుంది. అందుకే నేను నెలకోసారి ఆ పెద్దావిడ బావిలో ఉప్పు కొలిచే మీటరు ముంచి ఎంతుందో రాసుకుంటున్నాను, అది నా కాంట్రాక్టు పని కాదు. వాళ్లింటి మురుగు మా లైనుకి కలిపి ఏడాదిన్నరైంది. వాసన పోయింది, ఉప్పు మాత్రం వేసవిలో పెరిగి వానలకి తగ్గుతోంది. పోయిన నెల ఆవిడే ధానితో తోడి, దోసిట్లో పోసి, రుచి చూడమంది. కాస్త చప్పగా ఉంది, ఉప్పు తగల్లేదు. ఏప్రిల్ ఆఖర్న, వానలు పడకముందు ఇంకోసారి కొలవాలి.