స్విచ్చే కదా అనుకుంటే: అనలాగ్ స్విచ్‌లపై అపోహలు - వాస్తవాలు

డిజిటల్ నుంచి అనలాగ్‌కి వచ్చే పిల్లలు "స్విచ్‌లో ఏముంది సార్, గేట్ ఆన్ చేస్తే సిగ్నల్ పోతుంది కదా" అంటారు. ఏడీసీ (అనలాగ్ వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే సర్క్యూట్) ముందుండి, సిగ్నల్‌ని కెపాసిటర్ మీద పట్టి ఉంచే శాంప్లింగ్ స్విచ్ గురించి నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ట్రాన్స్‌మిషన్ గేట్ పెడితే ఏ వోల్టేజ్ అయినా సాఫీగా పోతుంది.

ట్రాన్స్‌మిషన్ గేట్ అంటే ఎన్‌మాస్, పీమాస్ ట్రాన్సిస్టర్ల జంట. విడిగా అయితే ఎన్‌మాస్ సప్లై దగ్గర, పీమాస్ గ్రౌండ్ దగ్గర మూసుకుపోతాయి. జంటగా పెడితే రెండు కొసలూ బాగుంటాయి, చిక్కంతా మధ్యలో. 1.8 వోల్ట్ సప్లైలో, సిగ్నల్ 0.9 దగ్గర ఉన్నప్పుడు ఒక్కోదానికి గేట్-సోర్స్ మధ్య దొరికేది 0.9 వోల్టే. బాడీ ఎఫెక్ట్‌తో (సోర్స్, బాడీ మధ్య వోల్టేజ్ వల్ల) పెరిగిన థ్రెషోల్డ్, అంటే ట్రాన్సిస్టర్ ఆన్ కావడానికి కావాల్సిన వోల్టేజ్, 0.6 అయితే మిగిలే ఓవర్‌డ్రైవ్ 0.3. స్లో కార్నర్ (తయారీలో ట్రాన్సిస్టర్లు నెమ్మదిగా వచ్చిన సందర్భం), మైనస్ 40 డిగ్రీలు కలిస్తే ఇంకా తక్కువ. అదే థ్రెషోల్డ్‌తో సప్లై 1 వోల్ట్ అయితే మధ్యలో రెండూ సరిగా ఆన్ కావు. రెసిస్టెన్స్‌ని మొత్తం రేంజ్ స్వీప్ చేసి చూడాల్సిందే.

అపోహ: కెపాసిటర్ మీద వోల్టేజ్ సమయానికి సెటిల్ కావడం లేదా? స్విచ్ వెడల్పు పెంచితే సరి.

రెసిస్టెన్స్ తగ్గుతుంది, నిజమే. కానీ ఆన్‌లో ఉన్న ఛానెల్‌లోని ఛార్జ్ ఆఫ్ చేయగానే ఎటో పోవాలి కదా! దాదాపు సగం మీ కెపాసిటర్ మీదికే వస్తుంది. వెడల్పు 10 మైక్రాన్లు, పొడవు 0.18, ఆక్సైడ్ కెపాసిటెన్స్ చదరపు మైక్రాన్‌కు 8.5 ఫెమ్టోఫారడ్లు, పైన మిగిలిన ఆ 0.3 వోల్ట్: మొత్తం సుమారు 4.6 ఫెమ్టోకూలంబ్‌లు. అందులో సగం 1 పీకోఫారడ్ మీద పడితే 2.3 మిల్లీవోల్ట్లు. 1 వోల్ట్ రేంజ్ ఉన్న 12 బిట్ల ఏడీసీలో ఒక ఎల్‌ఎస్‌బీ (ఏడీసీ గుర్తించే అతి చిన్న మెట్టు) 0.244 మిల్లీవోల్ట్ మాత్రమే. తొమ్మిది ఎల్‌ఎస్‌బీలు గోవిందా! వెడల్పు రెట్టింపు చేస్తే ఈ తప్పూ రెట్టింపవుతుంది.

ఈ తప్పుని టైమ్ కాన్‌స్టంట్‌తో (స్విచ్ రెసిస్టెన్స్, కెపాసిటర్‌ల లబ్ధం) గుణించి చూడండి. వెడల్పు, కెపాసిటర్, ఓవర్‌డ్రైవ్ అన్నీ కొట్టేసుకుపోయి, పొడవు వర్గాన్ని మొబిలిటీకి (ఛానెల్‌లో ఛార్జ్ ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత) రెండింతలతో భాగిస్తే వచ్చేదే మిగులుతుంది. స్విచ్‌కి కనిష్ఠ పొడవే వాడేది అందుకే. వెడల్పుతో ఆడేది వట్టి బేరం.

అపోహ: పక్కన ఎదురు క్లాక్‌తో నడిచే సగం సైజు డమ్మీ ట్రాన్సిస్టర్ పెడితే ఛార్జ్ పూర్తిగా రద్దవుతుంది.

ఛార్జ్ సరిగ్గా సగం సగం చీలితేనే. ఆ చీలిక క్లాక్ అంచు వేగం మీద, రెండు వైపులా ఉన్న ఇంపిడెన్స్ మీద ఆధారపడుతుంది. నా ఓటు బాటమ్ ప్లేట్ శాంప్లింగ్‌కే. కెపాసిటర్ అవతలి ప్లేట్‌ని కామన్ మోడ్‌కి (ఒక స్థిర వోల్టేజ్‌కి) కలిపే స్విచ్‌ని కాస్త ముందు ఆఫ్ చేస్తాం. అక్కడి వోల్టేజ్ స్థిరం కాబట్టి అది విడిచే ఛార్జ్ సిగ్నల్‌ని బట్టి మారదు, ఆఫ్‌సెట్‌గా మిగులుతుంది. రెండు సిగ్నళ్ల తేడానే చూసే డిఫరెన్షియల్ సర్క్యూట్‌లో అదీ చాలావరకు పోతుంది. ఆ తర్వాత ఇన్‌పుట్ స్విచ్ ఎంత ఛార్జ్ కక్కినా దానికి దారి దొరకదు.

రెసిస్టెన్స్ తగ్గిస్తే నాయిస్ తగ్గుతుందనేదీ అపోహే. బ్యాండ్‌విడ్త్ అంతే పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో 1 పీకోఫారడ్‌కి 64 మైక్రోవోల్ట్ల నాయిస్ ఖాయం. అది సగం కావాలంటే కెపాసిటర్ నాలుగింతలు కావాలి.

చివరిది: గేట్ వోల్టేజ్ సప్లై దాటితే గేట్ కింది ఆక్సైడ్ పొర పాడైపోతుంది.

ఆక్సైడ్‌కి గ్రౌండ్‌తో పని లేదు, దాని రెండు వైపులా ఉన్న తేడాయే లెక్క. గేట్‌ని సప్లై దాటించి నడిపే బూట్‌స్ట్రాప్ స్విచ్‌లో గేట్ ఎప్పుడూ ఇన్‌పుట్ కంటే దాదాపు సప్లై అంత పైన ఉంటుంది, అంతకు మించి కాదు. భయపడాల్సింది ఆన్ అయ్యే క్షణానికి. కెపాసిటర్ మీద పాత శాంపిల్ తక్కువలో, కొత్త ఇన్‌పుట్ ఎక్కువలో ఉంటే గేట్-డ్రెయిన్ తేడా కాసేపు సప్లై దాటుతుంది. ట్రాన్సియెంట్ సిమ్యులేషన్‌లో గేట్-సోర్స్‌తో పాటు దాన్నీ ప్లాట్ చేయండి.