గ్రీకు గాలి పదాలు: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన గ్రీకు నేర్పేటప్పుడు నాకు తరచూ ఎదురయ్యే నమ్మకాలివి.

అపోహ: 'ప్న్యూమా' అంటే ఆత్మ.

వాస్తవం: 'ప్నేఓ' అంటే వీచడం, ఊపిరి తీయడం. దాన్నుంచి పుట్టిన ప్న్యూమా మొదట గాలి, ఊపిరి. ఆత్మ అనే అర్థం తర్వాత చేరింది. యోహాను సువార్త 3వ అధ్యాయం 8వ వచనంలో గాలికీ ఇదే మాట, ఆత్మకూ ఇదే మాట. 'వీస్తుంది' అనే క్రియదీ అదే ధాతువు. గ్రీకులో చదివితే రెండర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి. తెలుగు బైబిల్లో ఒకచోట గాలి అనీ మరోచోట ఆత్మ అనీ విడదీయక తప్పలేదు. అలాగని మన 'ఆత్మ'కు ఆ వాసన కొత్త కాదు. ఋగ్వేదం పదో మండలంలోని అంత్యేష్టి సూక్తం చనిపోయినవాడి కన్ను సూర్యుణ్ణి, ఆత్మ గాలిని చేరాలని కోరుతుంది. అక్కడ ఆత్మ అంటే ఊపిరే. ఆ సూక్తం చదివాకే ప్న్యూమా నాకు దగ్గరైంది.

అపోహ: గాలిని చెప్పే గ్రీకు 'అనెమోస్' మన 'అనిలం' నుంచి వెళ్లింది.

వాస్తవం: అవి తల్లీబిడ్డలు కావు, తోబుట్టువులు. రెంటికీ మూలం ఊపిరి తీయడాన్ని చెప్పే పాత ఇండో-యూరోపియన్ ధాతువు. ప్రాణం, అపానం, మనసు అనే అర్థమున్న లాటిన్ 'అనిముస్' ఆ ఇంటివే.

అపోహ: 'జెఫిరోస్' అంటే పిల్లగాలి.

వాస్తవం: పిల్లగాలి అన్న ఆ ముద్ర తర్వాతి కవులు వేసింది. హోమర్ కావ్యం ఒడిస్సీలో, ధన్యులు చేరే ఎలీసియం మైదానంలో సేదతీర్చినా, ఆ కవి దగ్గర ఈ పడమటిగాలి చాలాచోట్ల తుపానే. ట్రాయ్ యుద్ధాన్ని చెప్పే ఆయన మరో కావ్యం ఇలియడ్ 9వ సర్గ మొదట్లో ఉత్తరగాలి బోరియాస్‌తో కలిసి థ్రేస్ నుంచి వచ్చి కడలిని కలచివేస్తుంది. గ్రీకు వీరుల గుండెలు అలా కల్లోలమయ్యాయంటాడు కవి.

అపోహ: ఈ పదాలన్నీ వేదాంతానికే.

వాస్తవం: కానే కాదు! ఇలియడ్‌లో, యుద్ధానికి వెనకాడుతున్నావని నిందించిన గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్‌కు, నువ్వనేవి 'అనెమోలియా' (అనెమోస్ నుంచి పుట్టిన మాట) అని వీరుడు ఒడిస్సియస్ బదులిస్తాడు. నిఘంటువులు 'వ్యర్థం' అంటాయి; నేను 'గాలిమాటలు' అనే రాయిస్తాను. ఈశాన్యగాలి 'కైకియాస్' మేఘాలను తనవైపే లాక్కుంటుందని గ్రీకుల నమ్మకం. అందుకే చెడును తనమీదికే తెచ్చుకునేవాణ్ణి దానితో పోల్చే సామెత పుట్టింది; అరిస్టాటిల్ దాన్ని ఉదహరించాడు. 'కొరివితో తల గోక్కోవడం' అని తెనిగిస్తే భావం అందుతుంది గానీ మబ్బులు పోతాయి. ఏథెన్స్‌లోని ఎనిమిది ముఖాల గాలిగోపురం మీద ఈ కైకియాస్ ఇప్పటికీ ఉన్నాడు, వడగళ్లు నిండిన డాలు పట్టుకుని.