వంతెన దగ్గర ఆగిన గిత్త

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి కిందటి వారం నాకు ఉత్తరం రాసింది. పేరు చెప్పవద్దని కోరింది కాబట్టి చెప్పను. జవాబు మాత్రం అందరూ చదవవచ్చునని తానే అన్నది. కిందటి ఏడు బడికి వెళ్ళే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతివేళ్ళు తిమ్మిరెక్కి, ఇక ప్రాణం పోతున్నదన్నంత భయం కలిగిందట. డాక్టరుగారు పరీక్షలు చేసి, గుండెకు జబ్బేమీ లేదని, దీనిని పానిక్ ఎటాక్ అంటారని చెప్పి కౌన్సెలింగ్‌కు పంపారు. ఓపికగా సాధన చేసి మళ్ళీ ఒంటరిగా బస్సెక్కింది. నాలుగు నెలలు హాయిగా గడిచాయి. దసరా సెలవుల తరువాత బడి తెరిచిన రోజున, అదే బస్సులో, అదే భయం తిరిగి వచ్చింది. మధ్యలో దిగి నాన్నగారికి ఫోను చేసింది. అప్పటినుంచి మూడు రోజులుగా ఆయన స్కూటరు మీదనే బడికి వెళుతున్నది. "తాతయ్యా, ఇంత కష్టపడ్డాక అంతా మళ్ళీ మొదటికి వచ్చిందా?" అని అడిగింది.

అమ్మలూ, ఈ మాట నేనూ ఒకప్పుడు మా నాన్నగారిని అడిగాను. అప్పుడు నాకు పదేళ్ళు. తెనాలి ప్రాంతంలోని మా ఊరికీ పొలాలకూ నడుమ ఒక కాలువ, దాని మీద ఇరుకైన వంతెన ఉండేవి. ఒక వేసవిలో, చేలకు ఎరువు తోలుతుండగా, వంతెన నడిమధ్యన వెనకనుంచి లారీ గట్టిగా హారను కొట్టింది. మా ఎడమ గిత్త బెదిరి పిట్టగోడ మీదికి లాగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు కానీ, ఆనాటినుంచి అది వంతెన కనబడితే చాలు, ముందుకాళ్ళు బిగపట్టి నిలబడిపోయేది. మా పాలేరు వారం రోజులపాటు రెండు మైళ్ళ అవతలనున్న మరో వంతెన మీదుగా బండిని తిప్పి తెచ్చాడు. దానివల్ల భయం తగ్గలేదు సరికదా, వారం తిరిగేసరికి గిత్త ఆ రెండో వంతెన దగ్గర కూడా మొరాయించింది.

అప్పుడు నాన్నగారు పగ్గం తన చేతికి తీసుకున్నారు. మొదట బండి కట్టకుండా గిత్తను ఒక్కదాన్నే నడిపించుకుని వెళ్ళి, వంతెన ఇవతలి గట్టు మీద మేపేవారు. రెండు రోజులకు నాలుగడుగులు ముందుకు, మరి రెండు రోజులకు నడిమి దాకా, ఆ తరువాత ఖాళీ బండితో, చివరకు ఎరువు బండితో. మొత్తం ఇరవై రోజులు పట్టింది. ఇంతలో తొలకరి పడింది, దుక్కులు, దమ్ములు వచ్చాయి, బండికి పని లేకపోయింది. మళ్ళీ మార్గశిరంలో వడ్ల బస్తాలతో మిల్లుకు బయలుదేరినప్పుడు, లారీ లేదు, హారను లేదు, అయినా ఆ గిత్త వంతెన మొదట్లో ఆగి వణకసాగింది.

పాలేరు చర్నాకోల ఎత్తాడు. నాన్నగారు వారించి, దిగి, దాని మూపురం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా నిలబడ్డారు. వెనక బండ్లవాళ్ళు కేకలు వేస్తున్నా బండిని వెనక్కి తిప్పలేదు, ముందుకూ అదిలించలేదు. గిత్త ఊపిరి కుదుటపడ్డాక తనంతట తానే అడుగు వేసింది. అవతలి గట్టు చేరాక నేను, "ఇరవై రోజుల కష్టం వృథా అయిందా నాన్నా?" అని అడిగాను. "అప్పుడు ఇరవై రోజులు పట్టింది, ఇప్పుడు చుట్ట కాలేంత సేపు పట్టింది. రెండూ ఒకటెట్టా అవుతాయిరా?" అన్నారు.

మన ఒళ్ళు కూడా ఆ గిత్తవంటిదే. దానికి ప్రమాదం తోచిందంటే, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులనుంచి అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. పరుగెత్తడానికి గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. పరుగెత్తకుండా కూర్చుని అంత జోరుగా ఊపిరి విడిస్తే, రక్తంలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఆ తిమ్మిరిని చూసి గిత్త మరింత బెదురుతుంది. అయినా, ఆ ఉధృతి సాధారణంగా పది నిమిషాలలోపే శిఖరానికి చేరి దిగడం మొదలుపెడుతుంది.

సెలవుల తరువాతనే ఎందుకు వచ్చిందన్నది నీ ఉత్తరంలోని అసలు ముడి. 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్, ఒక శబ్దం వినిపించి తిండి పెడుతూ కుక్కలకు ఆ శబ్దంతోనే నోరూరేటట్లు అలవాటు చేశాడు. తరువాత తిండి ఆపి శబ్దం మాత్రమే వినిపిస్తూ పోతే నోరూరడం ఆగిపోయింది. కొంత విరామం ఇచ్చి మళ్ళీ వినిపిస్తే, తిరిగి నోరూరింది. పాత అలవాటు చెరిగిపోదు; దాని పక్కన కొత్త అలవాటు పడుతుంది, అంతే. కొత్తబాట మీద కొన్నాళ్ళు నడక లేకపోతే గడ్డి మొలుస్తుంది కానీ, బాట ఎక్కడికీ పోదు. పైగా ఆ ముందు రాత్రి సెలవుల హోంవర్కు పూర్తిచేస్తూ సరిగా నిద్రపోలేదని, పొద్దున రెండు గ్లాసుల కాఫీ తాగానని నువ్వే రాశావు. నిద్రలేమి, ఎక్కువ కాఫీ బెదిరే గిత్తను ఇంకా తొందరగా బెదిరిస్తాయి.

బస్సు దిగిపోయినందుకు నిన్ను నేను తప్పుపట్టను, నువ్వూ తప్పుపట్టుకోవద్దు. "ఛీ, నేనింతే" అని తనను తాను తిట్టుకోవడం చర్నాకోల ఎత్తడమే, పెద్దవాళ్ళు పిల్లలను "ఇంత చిన్నదానికా?" అని గద్దించడం కూడా అంతే. అయితే నాన్నగారి స్కూటరు నీ చుట్టుదారి. ఆయన ప్రేమతోనే తీసుకువెళుతున్నారు, కానీ ఆ దారి అలవాటైతే రెండో వంతెన కూడా మూసుకుపోతుంది. రేపు ఒక్క స్టాపు దూరం బస్సులో వెళ్ళు, ఎల్లుండి రెండు. భయం వస్తే ఊపిరి నెమ్మదిగా వదులుతూ, అది దిగేదాకా కూర్చో. కిందటి ఏడు ఎన్ని రోజులు బస్సు మానావో, ఈసారి ఎన్ని రోజులు మానావో రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. ఎద్దుకు లేని వరం నీకున్నది, మాట్లాడగలవు; కౌన్సెలరుగారికి ఈ సంగతి దాచకుండా చెప్పు. మందులుంటే నీ అంతట నువ్వు మానవద్దు. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే, 2022లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉన్నది. 14416కు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ అందరికీ ఒక పని. డాక్టరు వద్దనని వాళ్ళందరూ రేపు సాయంత్రం మేడమెట్లు గబగబా రెండుసార్లు ఎక్కి దిగండి. వెంటనే కూర్చుని, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, గడియారం ముందు పెట్టుకోండి. బస్సులో కొట్టుకున్న గుండే ఇక్కడా అలాగే కొట్టుకుంటుంది, ఎవరూ దాన్ని భయపెట్టలేదు. ఏమీ చేయకుండా ఊరికే చూస్తూ కూర్చోండి. అది తనంతట తాను ఎన్ని నిమిషాలకు నెమ్మదిస్తుందో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య