మాంసానికి పెంచే జీవాల మీద మమకారం: అపోహలు, వాస్తవాలు

కోనసీమలో పశువైద్యం చేస్తున్నాను. పాడి గేదెల తర్వాత నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మేకలు, గొర్రెలు, నాటు కోళ్లు. వాటిలో చాలా వరకు కనుమకో, బక్రీదుకో, ఊరి జాతరకో, ఆదివారం మాంసం కొట్టుకో వెళ్లేవే. నట్టల మందు ఎంత పట్టాలో, టీకా ఎప్పుడు వేయాలో మాకు కాలేజీలో నేర్పారు. పెంచిన పొట్టేలును అమ్మేసి రెండు రోజులుగా అన్నం సయించని మనిషికి ఏం చెప్పాలో మాత్రం ఊళ్లలో తిరుగుతూ నేర్చుకున్నాను. ఈ విషయంలో నాకు తరచూ వినిపించే మాటలు, వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మాంసానికి పెంచేవాళ్లకు కొన్నాళ్లకు మనసు మొద్దుబారిపోతుంది. అలవాటైపోతుంది.

వాస్తవం: పనికి అలవాటు పడతారు కానీ బాధ పోదు. తరతరాలుగా మేకలు పెంచే ఇళ్లలో కూడా బేరం కుదిరిన రోజు ఇంటాయన జీవాన్ని విప్పి ఇవ్వకుండా ఏదో పని ఉందని చేలోకి వెళ్లిపోతాడు. తాడు విప్పి ఇచ్చేది కొడుకో, పక్కింటాయనో అవుతారు. ఆ మాట పైకి ఎవరూ అనరు గానీ ఊరందరికీ తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. జీవం మీద మమకారం ఉన్నవాళ్లే దాన్ని బాగా పెంచుతారు. లంక గ్రామం నుంచి ఒకామె పంటు మీద ఏరు దాటించి మేకను తీసుకొచ్చింది. "ఆయ్, మేత తింటందండి, ఒళ్లు కూడా వేడిగా లేదండి. కానీ రాత్రి మిగతావన్నీ పడుకుని నెమరేస్తుంటే ఇదొక్కటే నిలబడి ఉందండి" అంది. అంతకుమించి లక్షణమేమీ లేదు. థర్మామీటర్ పెడితే 105 చూపించింది. మేకకు 102, 103 మామూలు. మర్నాటికి ముక్కు కారడం మొదలైంది. అది పీపీఆర్, మన దగ్గర పారుడు రోగం అంటారు. అప్పటికే దాన్ని విడిగా కట్టించాం కాబట్టి మిగతా మంద దక్కింది. ఏ మేక ఎప్పుడు ఎలా పడుకుంటుందో గుర్తుపెట్టుకున్న మనిషి కాబట్టే ఆ తేడా కనిపెట్టగలిగింది. మనసు చంపుకుంటేనే ఈ పని చేయగలం అనేవాళ్లకు నేను ఆమె గురించే చెబుతాను.

అపోహ: పేరు పెట్టకపోతే చాలు, మమకారం పెరగదు.

వాస్తవం: పేరు పెట్టినా పెట్టకపోయినా రోజూ చేత్తో మేపినదాని మీద ప్రేమ పుడుతుంది. నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది తల్లి చనిపోతే ఇంట్లో సీసా పాలు పట్టి పెంచిన పిల్ల. అది మనిషినే తల్లి అనుకుని వెనకే తిరుగుతుంది, వంటింట్లోకి వస్తుంది, పిల్లల పక్కన పడుకుంటుంది. ఆరేడు నెలలకు దాన్ని కొట్టుకు ఇవ్వాలంటే ఎవరి వల్లా కాదు.

అందుకని తల్లిలేని పిల్ల దొరికితే ముందు వేరే తల్లికి అలవాటు చేయించండి. అదే రోజు ఈనిన మేక ఉంటే దాని ఉమ్మనీరు ఈ పిల్ల ఒంటికి రాయండి. ఆ వాసనకు చాలాసార్లు తన పిల్లే అనుకుని పాలిస్తుంది. కుదరకపోతే సీసా పట్టండి, తప్పులేదు. ముర్రుపాలు మాత్రం మొదటి కొన్ని గంటల్లోనే కడుపులో పడాలి. సీసా పట్టాక మళ్లీ మందలోనే వదలండి, ఇంట్లో పడుకోబెట్టకండి. ఇది మన మనసు కోసమే చెప్పడం లేదు. మనుషుల మధ్య పెరిగిన పోతుకు మనిషంటే జంకు ఉండదు. చిన్నప్పుడు తలతో పొడుస్తుంటే ముద్దుగా ఉంటుంది. ఏడాది తిరిగి 30, 40 కిలోలు అయ్యాక అదే ఆట ముసలమ్మ మోకాళ్ల మీద ఆడితే ఎముకలు విరుగుతాయి.

పేరు విషయానికి వస్తే, కావాలంటే పెట్టుకోండి. దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. ఈనిన వారం పది రోజుల్లోనే ఏది మందలో ఉండేది, ఏది అమ్మేది అని ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకోవాలి. అమ్మేవాటి మెడలో వేరే రంగు తాడు కట్టండి. మొదటి రోజు నుంచీ కళ్ల ముందు కనిపిస్తుంటే మనసు సిద్ధపడుతూ ఉంటుంది. పండగ ముందు రోజు రాత్రి తేల్చుకునే ఇళ్లలోనే గొడవలు, ఏడుపులు ఎక్కువ.

అపోహ: పిల్లలకు నిజం చెప్పకూడదు. "పారిపోయింది", "వేరే ఊరు పంపించాం" అంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. కనుమ నాడు ఇంట్లో వేటమాంసం ఉడుకుతుంటే, నిన్నటిదాకా పెరట్లో ఉన్న పొట్టేలు కనిపించకపోతే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఒకరు చెప్పాలా? తనంతట తనే తెలుసుకుంటాడు. పొట్టేలు పోయిన బాధకు అమ్మానాన్నా అబద్ధం చెప్పారనే బాధ తోడవుతుంది. రెండోదే ఎక్కువ కాలం ఉంటుంది. పెద్దయ్యాక కూడా ఆ అబద్ధాన్ని తలచుకుని బాధపడేవాళ్లను చూశాను.

ఐదారేళ్లలోపు పిల్లలకు చావు అంటే మళ్లీ తిరిగిరానిదని పూర్తిగా అర్థం కాదు. వాళ్లకు రెండు ముక్కల్లో చెప్పండి. అంతకంటే పెద్దవాళ్లకు వారం ముందే చెప్పండి. ఎందుకు అమ్ముతున్నామో, ఆ డబ్బు దేనికి వాడతామో కూడా చెప్పండి. ఈ వారం దానికి అవిసె ఆకు నువ్వే పెట్టు అని ఆ పని వాళ్లకే అప్పగించండి. చివరి రోజుల్లో దాన్ని బాగా చూసుకున్నామనే తృప్తి మిగలాలి.

రెండు పనులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మగపిల్లాడివి ధైర్యం రావాలంటూ కోసే చోటికి లాక్కెళ్లకండి. "ఒక్క ముక్కైనా తిను" అని కంచంలో వేయకండి. తిననంటే ఆ పూట పప్పో, గుడ్డో పెట్టండి. ఆ మాట పట్టుకుని బంధువుల ముందు ఎగతాళి చేస్తే ఆ పిల్లలు తర్వాత మనసులో మాట చెప్పడమే మానేస్తారు.

అపోహ: మూగజీవం, దానికేం తెలుస్తుంది? ఇంకొందరనేది దీనికి పూర్తిగా ఎదురు: దానికి ముందే తెలిసిపోతుంది, కన్నీళ్లు పెట్టుకుంది, నా వైపు చూసి ఏడ్చింది.

వాస్తవం: రెండూ పూర్తిగా నిజం కావు. రేపు తనను కోస్తారని జీవానికి తెలుసనడానికి ఆధారం లేదు. కళ్ల వెంట నీరు కారడానికి దుమ్ము, ఈగలు, కంటి కలక కారణాలు. "నన్ను చూసి ఏడ్చింది డాక్టరు గారూ" అంటూ ఏళ్ల తరబడి ఆ మాట మోసేవాళ్లున్నారు. ఆ భారం దించుకోమని వాళ్లకు గట్టిగా చెబుతాను.

కానీ ఏమీ తెలియదనడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం చేసిన పరిశోధన 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్ల పాటు గుర్తుపెట్టుకున్నాయని అందులో తేలింది. మంద నుంచి ఒంటరిగా విడదీస్తే గొర్రె అరుపులు, గుండె వేగం పెరుగుతాయి. పరిచయం లేని మనుషులు, కొత్త చోటు, నెత్తురు వాసన, జారే నేల ఇవన్నీ దానికి భయమే. అందుకే మన చేతిలో ఉన్నది ఆ చివరి రోజు. ఆ ఒక్క రోజు సరిగ్గా జరిగితే పెంచినవాళ్లకు తర్వాత నిద్ర పడుతుంది. నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతి ఇది.

ఏం చేయవచ్చో చెబుతాను. బైకు మీద ఇద్దరి మధ్య కాళ్లు కట్టేసి తీసుకెళ్లనివ్వకండి. బేరం ఆడేటప్పుడే ఆ షరతు పెట్టండి, ఐదొందలు తగ్గినా పర్వాలేదు. అలవాటైన మనిషే నడిపించుకెళ్లాలి. వీలైతే తోడుగా ఇంకో జీవాన్ని కొంత దూరం నడిపించండి. కోతకు ముందు మేత ఆపుతారు, నీళ్లు మాత్రం చివరి వరకు ఉంచాలి. ఒకదాని కళ్ల ముందు ఇంకోదాన్ని కోయకూడదు. 2001 నాటి కబేళా నిబంధనల్లో ఇది రాసే ఉంది. చూడి జీవాన్ని, మూడు నెలల లోపు పిల్లను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదని కూడా అందులోనే ఉంది. ఇంటి దగ్గర చేయించినా ఇవే పాటించండి.

దీనివల్ల మాంసానికీ మంచిదే. భయంతో పెనుగులాడి అలిసిపోయిన జీవం కండల్లో గ్లైకోజెన్, అంటే కండలు దాచుకునే చక్కెర, అయిపోతుంది. కోశాక రావాల్సిన పులుపు రాదు. మాంసం నల్లబడి, గట్టిగా, పొడిగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. కొట్టువాళ్లకు ఈ మాట చెబితే వింటారు.

అపోహ: ఏడ్చినవాళ్లు మాంసం తింటే అదంతా నటన.

వాస్తవం: మనిషి మనసులో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఏడ్చి తిన్నవాళ్లనూ, ఏడ్చి మానేసినవాళ్లనూ చూశాను, ఇద్దరి కన్నీళ్లూ నిజమే. ఇంట్లో ఎవరైనా ఇక మాంసం తిననంటే అది వాళ్ల ఇష్టం, గౌరవించండి.

అపోహ: అంత ప్రేముంటే దాన్ని అమ్మకుండా ఉంచేసుకోవచ్చుగా.

వాస్తవం: ఉంచుకోవచ్చు. మందలో ఒకటో రెండో అలా ఉండిపోయిన ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి, నాకు ఆ ఇళ్లంటే ఇష్టం. కాకపోతే లెక్క చూసుకోండి. బాగా చూసుకుంటే మేక పన్నెండేళ్లకు పైగా బతుకుతుంది. పోతును అలాగే వదిలేస్తే తన పిల్లలతోనే జతకట్టి మంద బలహీనపడుతుంది. చిన్న వయసులోనే బర్డిజో అనే పటకారు లాంటి పరికరంతో వట్టలు నొక్కించండి, కోపం కూడా తగ్గుతుంది. ఏడాదికి మేత ఖర్చు ఎంతో కాగితం మీద వేసుకుని, మోయగలిగితే ఉంచుకోండి. మోయలేని ఇంట్లో అలా చేయలేకపోయామని ఎవరూ కుమిలిపోవాల్సిన పని లేదు. పిల్లల ఫీజులు, ఆసుపత్రి ఖర్చులు ఈ జీవాల మీదే నడుస్తున్నాయి.

అపోహ: కోళ్ల ఫారాలవాళ్లకు వేలల్లో కోళ్లు. అన్నింటి మీద ప్రేమేముంటుంది, చస్తే నష్టం డబ్బే కదా.

వాస్తవం: 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినట్టు భోపాల్ ల్యాబ్ తేల్చింది. ఇలా తేలితే నిబంధన ప్రకారం జబ్బు వచ్చిన చోటు నుంచి కిలోమీటరు పరిధిలో కోళ్లన్నింటినీ చంపి పూడ్చాలి. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. గుడ్ల కోడి ఏడాదిన్నర దాకా ఫారంలో ఉంటుంది. అన్నాళ్లూ రోజూ గుడ్లు ఏరి, నీళ్లు పట్టి, దాణా వేసిన కూలీల ముందే ఆ షెడ్డు ఖాళీ అవుతుంది. మాంసానికి అమ్మడం వేరు. అది ముందే తెలిసిన ముగింపు, దానికో ప్రయోజనం ఉంది. గోతిలో సున్నం వేసి పూడ్చడానికి మనసును ఎవరూ సిద్ధం చేసుకుని ఉండరు. పరిహారం కోడికి ఇంత అని లెక్క కడతారు. నిద్ర పట్టకపోవడానికి, షెడ్డులోకి అడుగు పెట్టలేకపోవడానికి లెక్క ఉండదు.

2001లో బ్రిటన్‌లో గాలికుంటు ప్రబలినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపారు. ఆ తర్వాత లాంకాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు కంబ్రియా ప్రాంతంలోని రైతులు, పశువైద్యులు, స్థానికుల చేత నెలల తరబడి డైరీలు రాయించారు. చంపడం ఆగిపోయి చాలా కాలం గడిచినా ఆ దృశ్యాలు వాళ్లను వదల్లేదు. ఆ పని చేసిన ఉద్యోగులదీ అదే పరిస్థితి. మా శాఖలోవాళ్లకూ ఇది వర్తిస్తుంది, మేం దీని గురించి మాట్లాడుకోవడం తక్కువ.

కాబట్టి ఫారంలో అలాంటిది జరిగితే ఇంటి మగాళ్లను, కూలీలను కనిపెట్టి ఉండండి. నిద్ర పట్టకపోవడం, తాగుడు ఎక్కువవడం, ఎవరితో మాట్లాడకపోవడం రెండు వారాలు దాటి సాగితే మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపేదే, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే మాట నోట వస్తే రెండు వారాలు చూడకండి, ఆ రోజే చేయించండి.

అపోహ: జబ్బు చేసింది ఎలాగూ పోతుంది, వెంటనే కోయించేస్తే దానికీ మనకీ బాధ తప్పుతుంది.

వాస్తవం: ఇది ప్రేమతో చేసే పనే గానీ ప్రమాదం. సూది మందు వేయించిన తర్వాత అది ఒంట్లోంచి పోయేదాకా మాంసం తినకూడదు. కొన్ని యాంటీబయోటిక్‌లకు 28 రోజుల దాకా ఆగాలి. ఎన్నాళ్లో మందు వేసినవాళ్లను అడగండి. ఉన్నట్టుండి చచ్చిపోయి ముక్కు, నోరు, ఆసనం నుంచి నల్లటి నెత్తురు కారుతున్న జీవాన్ని అసలు కోయకండి, తోలు ఒలవకండి. ఆంత్రాక్స్ అయితే మనుషులకు అంటుకుంటుంది. మమ్మల్ని పిలవండి. ఇక బతకదని తేలి నరకయాతన పడుతుంటే నొప్పి తెలియకుండా ప్రాణం తీసే పద్ధతి మా దగ్గర ఉంది, అడగడానికి మొహమాటపడకండి. ఆ మాంసం మాత్రం తినడానికి పనికిరాదు.

అపోహ: ఒకటి పోతే వెంటనే ఇంకో పిల్లను తెచ్చేస్తే మర్చిపోతారు.

వాస్తవం: కొన్ని ఇళ్లలో నిజంగానే తేలికపడతారు. కొన్ని ఇళ్లలో కొత్తదాన్ని ముట్టుకోవడానికి కూడా మనసొప్పదు. ముఖ్యంగా పిల్లలకు. ఇంట్లో ఆ జీవాన్ని ఎక్కువగా చూసుకున్నది ఎవరో వాళ్లను అడిగాకే తెండి. తెస్తే ఒక్కటి కాకుండా రెండు తెండి. మేకైనా గొర్రైనా తోడు లేకుండా బతికే జాతి కాదు. తోడుంటే మనిషి మీదే పూర్తిగా ఆధారపడదు, అమ్మే రోజు ఇద్దరికీ కాస్త తేలిక. సంత నుంచి తెచ్చినవాటిని మూడు వారాలు పాత మందకు దూరంగా కట్టండి. నట్టల మందు పట్టించండి. మూడు నెలలు నిండి, పీపీఆర్ టీకా పడిందో లేదో తెలియకపోతే వేయించండి. ఏ టీకా ఏ నెలలో వేస్తున్నారో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు.