ఒప్పుకున్నాడు సరే, కోర్టులో చెల్లుతుందా?

జిల్లా ఎడిషన్ తిరగేస్తే తరచూ కనిపించే వాక్యం ఇది: ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా నిందితుడు నేరం అంగీకరించాడు.’ పక్కనే ఫొటో ఉంటుంది. వెనక ముసుగులు వేసి నిలబెట్టిన మనుషులు, ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు, ఓ కత్తి, మధ్యలో డీఎస్పీ, అటూ ఇటూ సీఐ, ఎస్ఐ. చదివేవాళ్లకు కేసు అక్కడితో అయిపోయినట్టే. కొన్నేళ్ల తర్వాత అదే కేసు కోర్టులో కొట్టేస్తే ‘ఒప్పుకున్నవాణ్ని ఎలా వదిలేశారు?’ అని లాయర్లనో జడ్జీలనో తిట్టుకుంటాం.

పోలీసుల ముందు నేరం ఒప్పుకున్న మాట మన దేశంలో మామూలు కేసుల్లో సాక్ష్యం కాదు. ఇదేదో ఈమధ్య హక్కుల సంఘాలవాళ్లు కొట్లాడి తెచ్చిన నియమం కాదు. 1861 నుంచి ఉంది. తెచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం, అదీ ఖైదీల మీద జాలితో కంటే సొంత పోలీసుల మీద నమ్మకం లేక. ఆ అపనమ్మకం పుట్టినచోట మన జిల్లాలూ ఉన్నాయి.

అప్పట్లో కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. శిస్తు వసూలు చేసే తహసీల్దారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండేది. శిస్తు బాకీ పడిన రైతునూ, దొంగతనం చేశాడని అనుమానం ఉన్నవాణ్నీ లాక్కొచ్చేది ఒక కచేరీకే, ఇద్దరి మీదా చెయ్యి చేసుకునేది ఆ బంట్రోతులే. ఈ సంగతి 1854లో లండన్ పార్లమెంటులో రచ్చకెక్కింది. గవర్నర్ లార్డ్ హ్యారిస్ ప్రభుత్వం ముగ్గురితో కమిషన్ వేసింది. ఇలియట్, స్టోక్స్ అనే ఇద్దరు అధికారులు, జాన్ బ్రూస్ నార్టన్ అనే మద్రాసు లాయరు అందులో సభ్యులు. ఫిర్యాదులకు ఇచ్చిన గడువు మూడు నెలలు. రైలు కూడా లేని ఆ కాలంలో, ఆ కాస్త గడువులోనే 1,959 ఫిర్యాదులు వచ్చాయి. ఉత్తరాలు రాసినవాళ్లు కొందరైతే, ఎక్కడెక్కడి నుంచో మద్రాసు దాకా వచ్చి స్వయంగా చెప్పుకున్నవాళ్లు వందల్లో ఉన్నారు.

1855లో వచ్చిన నివేదిక చదవడం అంత తేలిక కాదు. మనిషిని వంగదీసి కదలకుండా కట్టేసి, వీపు మీద బండ పెట్టి ఎండలో వదిలేయడం, రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే ‘కిట్టి’, కళ్లలో కారం. శిస్తు కోసం చేసేవీ నేరం ఒప్పించడానికి చేసేవీ పెద్దగా తేడా లేదు. కమిషన్ మాత్రం తప్పంతా కింది స్థాయి భారతీయ ఉద్యోగులదేననీ, తెల్లదొరలకు ఇందులో పాత్ర లేదనీ తేల్చేసింది. వసూలు ఎంత రావాలో పైనుంచి చెప్పేది ఎవరో ఆ నివేదిక పెద్దగా అడగలేదు.

ఏదైతేనేం, రెవెన్యూ నుంచి పోలీసుల్ని విడదీయాలన్న సిఫారసు నెరవేరింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. అది ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా పేరు మార్చుకుని ఇప్పటి దాకా కొనసాగుతూ వచ్చింది. రెండేళ్లకు, 1861లో, దేశమంతటికీ పోలీసు చట్టమూ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కూడా వచ్చాయి. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాటను సాక్ష్యంగా వాడకూడదని ఆ కోడ్‌లోనే రాశారు. 1872లో సాక్ష్య చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దాన్ని 25, 26 సెక్షన్లుగా పెట్టాడు. పోలీసుకు చెప్పింది చెల్లదు. కస్టడీలో ఉండి ఇంకెవరికి చెప్పినా, ఎదురుగా మేజిస్ట్రేట్ ఉంటే తప్ప చెల్లదు. మన పోలీసులు కొట్టడానికి ఎందుకు మొగ్గుతారని అడిగితే ఓ అధికారి చెప్పిన జవాబును స్టీఫెన్ తర్వాత రాసిపెట్టాడు. ఎండలో పడి సాక్ష్యాలు వెతకడం కంటే నీడపట్టున కూర్చుని ఎవడో దౌర్భాగ్యుడి కళ్లలో కారం కొట్టడం సుఖం కదా అన్నాడట ఆ పెద్దమనిషి. దర్యాప్తు శాస్త్రం మీద ఇంతకంటే నిజాయితీ అయిన మాట నాకెక్కడా దొరకలేదు.

తలుపు ఇంత గట్టిగా వేసినవాళ్లు ఓ కిటికీ మాత్రం తెరిచి ఉంచారు. అదే 27వ సెక్షన్. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల కొత్త సంగతి ఏదైనా బయటపడితే, ఆ బయటపడిన దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. చెప్పిన చోట వస్తువు దొరికిందంటే ఆ మాటలో నిజం ఉన్నట్టే కదా అన్నది తర్కం. ఇందులో ‘ఎంత మేరకు’ అన్న దగ్గరే వచ్చింది చిక్కు. దాన్ని తేల్చిన కేసు గుంటూరు జిల్లాది.

పల్లెల్లో పార్టీ తగాదాలు కొత్త కాదు. 1940ల్లో ఓ ఊరి చెరువు దగ్గర ఒక వర్గంవాళ్లు పొద్దుగూకే వేళ కాపు కాసి అవతలి వర్గంలో ఇద్దర్ని కొట్టి చంపారన్నది ఆరోపణ. నిందితుల్లో ఒకడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం సారాంశం ఇది: మేమంతా కలిసి వాళ్లను చంపాం, మావాడొకడు బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఊళ్లో ఫలానావాళ్ల గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను, ఇదంతా ఫలానా ఆయన ప్రోద్బలంతోనే చేశాం. వామిలో బల్లెం దొరికింది. కాబట్టి వాంగ్మూలం మొత్తం సాక్ష్యమేనని ప్రభుత్వ వాదన.

కేసు గుంటూరు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి, అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. పులుకూరి కోటయ్య కేసుగా ఇప్పటికీ ప్రతి లా విద్యార్థీ చదివేది దీన్నే. 1946 డిసెంబర్‌లో తీర్పు రాసిన సర్ జాన్ బోమంట్ ఆ వాంగ్మూలంలో రెండు ముక్కలే ఉంచాడు: దాచాను, వస్తే చూపిస్తాను. మిగతాదంతా కొట్టేశాడు. ‘మా ఇంటి కప్పులో కత్తి ఉంది, తెచ్చిస్తాను’ అని ఒకడు చెబితే బయటపడింది కత్తి కాదు, కత్తులు లోకానికి ఎప్పుడో తెలుసు; కత్తి అక్కడుందని వాడికి తెలుసన్నదే బయటపడిన సంగతి అన్నాడు. ‘దాంతోనే పొడిచాను’ అని తర్వాత కలిపిన మాటకు ఆ కప్పుతో పనిలేదు, అది చెల్లదు. ఏదో ఒక వస్తువు ప్రస్తావన ఉంటే చాలు, ఒప్పుకోలు మొత్తం చెల్లుతుందని అంటే, పోలీసుల ‘ఒప్పించే శక్తి’ ఆ పని కూడా చక్కగా చూసుకుంటుందని బోమంట్ ఓ చురక అంటించాడు. మన విలేకరులు రాసే ‘తమదైన శైలి’ ఎలాంటిదో ఆయనకూ బాగానే తెలుసన్నమాట. చివరికి, మిగిలిన సాక్ష్యంతో శిక్షలు నిలుస్తాయో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకే తిప్పి పంపారు.

తీర్పు ఇంత స్పష్టంగా ఉన్నా, స్టేషన్‌లో రాసే కాగితం మారలేదు. దాని పేరు ‘కన్ఫెషన్ అండ్ రికవరీ పంచనామా’. సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు, మన దగ్గర చాలాసార్లు వీఆర్వోలు. అందులో నిందితుడి పుట్టు పూర్వోత్తరాల నుంచి హత్య దాకా కథంతా ఉంటుంది, ఆఖర్లో ‘నా వెంట వస్తే చూపిస్తాను’ అన్న వాక్యం ఉంటుంది. కోర్టులో ఎగ్జిబిట్ నంబరు పడాల్సింది ఆ ఆఖరి వాక్యానికే. మిగతా కథంతా రిమాండ్ రిపోర్టులోకీ ప్రెస్‌మీట్‌లోకీ వెళ్తుంది. విచారణ మొదలయ్యేసరికి మధ్యవర్తి బోనెక్కి ‘స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అంటే ఆ ఒక్క వాక్యమూ పోతుంది. స్వతంత్ర సాక్షుల ఎదుట నిందితుడు తన నోటితో చెప్పిన మాటల్నే చెప్పినట్టుగా రాయాలనీ, ఆ తర్వాతే వస్తువు కోసం బయల్దేరాలనీ సుప్రీంకోర్టు 2022లో కూడా మళ్లీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇలా కాగితం మీద నిలబెట్టిన కేసు కూలితే మిగిలేదేమిటో విజయవాడ దగ్గరి హాస్టల్‌లో 2007లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు చూపించింది. ఓ యువకుణ్ని అరెస్టు చేసి కేసు ఛేదించామన్నారు. 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమంది. అన్నేళ్ల జైలుకు లక్ష. అటు బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు దొరికింది మరుసటి ఏడాది సీబీఐకి అప్పగించిన కొత్త దర్యాప్తు.

పోలీసుల వైపు నుంచీ చూడాలి. బందోబస్తు, వీఐపీ పర్యటన, జాతర, ఎన్నికలు, సమన్లు అన్నీ చూసుకున్నాక మిగిలిన టైములో ఎస్ఐ దర్యాప్తు చేయాలి. ఫోరెన్సిక్ రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలియదు, ‘ఇంకా పట్టుకోలేదా’ అని పైనుంచి ఫోన్లు మాత్రం వెంటనే వస్తాయి. ఆ టెన్షన్‌లో దగ్గరి దారి ఏదో అందరికీ తెలుసు. శాంతిభద్రతల పనినీ దర్యాప్తునూ విడదీయండని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకే. రాష్ట్రాలు ఆ తీర్పును పాటించిన తీరు అందరికీ తెలిసిందే.

అసలు నిషేధమే తీసేస్తే పోలా అన్నవాళ్లూ ఉన్నారు. 1987లో ఉగ్రవాదాన్ని అణచడానికి తెచ్చిన టాడా చట్టంలో ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకుంటే సాక్ష్యమేనన్నారు. 1994లో కర్తార్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు దాన్ని సమర్థించారు. వద్దని రాసిన ఇద్దరిలో తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి ఒకరు. ఏడాదికే టాడా గడువు తీరిపోయింది. 2002లో దాని తర్వాతి ఉగ్రవాద నిరోధక చట్టం పోటా కూడా అదే ఏర్పాటు తెచ్చింది, 2004లో రద్దయింది. మామూలు కేసులకూ దాన్ని వర్తింపజేయాలని 2003లో నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల కోసం కేంద్రం వేసిన మలిమత్ కమిటీ అడిగింది కానీ ఏ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు. చేయకపోవడమే మంచిదైంది. 1861లో ఉన్న అపనమ్మకం పోయేంతగా స్టేషన్లు మారాయని ఎవరూ రుజువు చేయలేదు.

రుజువు దగ్గరే వస్తుంది అసలు తంటా. స్టేషన్ గోడల మధ్య జరిగినదానికి సాక్షులు మళ్లీ పోలీసులే. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఓ మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం ఊరంతా అల్లర్లకూ పోలీసు కాల్పులకూ దారితీశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా, రాయచూరుకు మార్చిన క్రిమినల్ కేసులో వాళ్లంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. కస్టడీలో దెబ్బలు తగిలితే పోలీసులే కొట్టారని కోర్టు భావించేలా 114-బి అనే సెక్షన్ పెట్టండని 1985లో లా కమిషన్ తన 113వ నివేదికలో సిఫారసు చేసింది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో భారత్ సంతకం పెట్టింది, ఆమోదముద్ర ఇంకా పడలేదు. దానికోసం తెచ్చిన బిల్లు 2010లో లోక్‌సభ దాటి ఆగిపోయింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. పాత 25, 26, 27 సెక్షన్లు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్‌గా ఒకచోట చేరాయి, సారాంశం మారలేదు. పేరుకు మారింది పెద్దగా లేకపోయినా పనిలో మారేది ఒకటుంది. సోదా, స్వాధీనం జరుగుతున్నంతసేపూ వీడియో తీయడం తప్పనిసరి అయింది. గడ్డివామిలోంచి బల్లెం తీస్తుంటే ఇక రికార్డు ఉంటుంది. ఎక్కడ దాచాడో చెప్పించిన గదిలో మాటల్ని రికార్డు చేయాలని మాత్రం ఈ చట్టం బలవంతపెట్టలేదు. ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ఎస్ఐ గది సహా ఏ మూలా వదలకుండా, మాటలు కూడా వినిపించే సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశమే ఆ లోటుకు దిక్కు. 114-బి సెక్షన్ కొత్త చట్టంలోనూ లేదు.