చక్రాల కుర్చీ, కంచం, భుజం

నల్గొండ జిల్లా పల్లెల్లో మోకు, ముత్తాదు కట్టుకొని పొద్దున, సాయంత్రం తాటిచెట్లెక్కి దిగే కల్లు గీత కార్మికుడి ఒంట్లో కొవ్వు నిలవడానికి చోటు దొరకదు. అదే మనిషి ఒకనాడు పట్టుతప్పి పడి, వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి చేరాడనుకుందాం. ఏడాది తిరిగేసరికి పొట్ట పెరుగుతుంది. మరో ఏడాదికి మంచం మీది నుంచి కుర్చీలోకి మారాలంటే ఇంకొకరు చెయ్యి వేయవలసి వస్తుంది. ఇంట్లో తిండి పెరిగిందేమీ లేదు. అయినా చుట్టుపక్కల వాళ్లు "కూసొని తింటే గంతే" అనేస్తారు. ఆ మాట అన్యాయమైనది, శరీరశాస్త్రం ప్రకారం చూసినా అది సరైన వివరణ కాదు.

మనం తిన్నదానిలో ఎక్కువ భాగం పనికో నడకకో కాక, ఊపిరి ఆడటానికి, గుండె కొట్టుకోవడానికి, ఒంటి వేడి నిలవడానికే ఖర్చవుతుంది. ఈ ఖర్చులో కండరాలకు కూడా గణనీయమైన వాటా ఉంది. శరీరంలోని అతి పెద్ద కండరాలు పిరుదుల్లో, తొడల్లో ఉంటాయి. నాడుల సంకేతం ఆగిన కొన్ని వారాల్లోనే అవి కరగడం మొదలవుతుంది. అందుకే వెన్నుపాము గాయమైనవారిలో విశ్రాంతి వేళ శక్తి ఖర్చు ఇతరులకంటే సుమారు 14 నుంచి 27 శాతం తక్కువగా ఉంటుందని కొలతల్లో తేలింది. కాళ్లు మాత్రమే చచ్చుబడినవారికి కిలో బరువుకు రోజుకు దాదాపు 28 కేలరీలు, కాళ్లు చేతులు రెండూ చచ్చుబడినవారికి దాదాపు 23 కేలరీలు చాలునని పోషకాహార నిపుణులు లెక్కగడతారు. 60 కిలోల మనిషికి మొదటి లెక్కన రోజుకు 1,680 కేలరీలు. తెలంగాణలో రేషన్‌పై మనిషికి నెలకు వచ్చే 6 కిలోల సన్నబియ్యాన్ని రోజులకు పంచితే 200 గ్రాములు, అంటే ఇంచుమించు 700 కేలరీలు. తాటిచెట్టెక్కిన రోజుల్లో ఆ బియ్యానికి రెండింతలు తిన్నా అరిగిపోయేది. ఇప్పుడు ఖర్చు తగ్గింది గాని ఆకలి, కంచం, వడ్డించే చెయ్యి పాతవే.

బరువు ఎంతో తెలుసుకోవడమే మొదటి చిక్కు, ఎందుకంటే దవాఖానల్లోని తూకపు యంత్రాలు ఎక్కువగా నిలబడగలిగేవారి కోసం చేసినవే. బియ్యం మిల్లులోనో ధాన్యం కొనుగోలు కేంద్రంలోనో బస్తాలు తూచే కాంటా పలక కుర్చీకి సరిపడేంత వెడల్పుంటే, ఒకసారి కుర్చీతో సహా తూగి, తరువాత ఖాళీ కుర్చీని తూచి తీసివేస్తే సరిపోతుంది. నెలకొకసారి ఇలా చూసుకుంటే చాలు. అయితే ఎత్తు, బరువుల నుంచి కట్టే బీఎంఐ వీరి విషయంలో మోసం చేస్తుంది. భారతీయులకు 25 దాటితే స్థూలకాయం అంటారు. వెన్నుపాము గాయమైనవారికి 22 దగ్గరే ఆ గీత గీయాలని పరిశోధకులు సూచించారు. కండ పోయిన చోట కొవ్వు చేరినా కాంటా మీద ఆ తేడా కనిపించదు మరి. పడుకోబెట్టి నడుము చుట్టూ టేపు పెట్టి చూడటం ఇంతకంటే నమ్మదగిన పద్ధతి. అది 94 సెంటీమీటర్లకు చేరితే గుండె జబ్బు ముప్పు పెరిగినట్టు భావిస్తారు.

వ్యాయామం విషయంలో నిజం దాచకుండా చెప్పాలి. 60 కిలోల మనిషి సాఫీ నేల మీద అరగంట కుర్చీ తోసుకుంటే ఖర్చయ్యేది సుమారు 80 కేలరీలు, అంటే 60 గ్రాముల అన్నం. చేతి కండరాలు చిన్నవి; అవి ఎంత కష్టపడినా కాళ్లంత శక్తిని ఖర్చు చేయలేవు. కాబట్టి బరువు ప్రధానంగా కంచం దగ్గరే తగ్గాలి. అలాగని వ్యాయామాన్ని వదిలేయడం పెద్ద పొరపాటు. చక్కెరను రక్తంలోంచి లాగి వాడుకునేది పనిచేస్తున్న కండరమే. గుండె దిటవు, మంచం నుంచి కుర్చీలోకి తనంతట తాను మారగల సత్తువ కూడా దానివల్లే నిలుస్తాయి. వెన్నుపాము గాయమైన పెద్దలకు వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఊపిరి కొంచెం వేగమయ్యే వ్యాయామం, రెండుసార్లు బలం పెంచే వ్యాయామం అవసరమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక్కడ అందరికంటే ముందు ఆలోచించవలసింది భుజం గురించి. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చున్న బంతి, ఒంటి బరువు మోయడానికే ఏర్పడింది. భుజం కీలు చేయి నలువైపులా తిరగడానికి ఏర్పడింది. దాని గిన్నె లోతు తక్కువ, దాన్ని పట్టి ఉంచేవి సన్నని కండరాలు. చక్రాల కుర్చీలో ఆ కీలే కాలి పని కూడా చేస్తుంది. పైగా రోజంతా ముందుకు తోయడంతో రొమ్ము కండరాలు బిగుసుకొని, వీపు కండరాలు బలహీనపడి, భుజం ముందుకు వంగిపోతుంది. అందుచేత తోసే వ్యాయామంకంటే లాగే వ్యాయామం మేలు. పాత సైకిల్ ట్యూబును నిలువునా కోసి, కిటికీ ఊచకు రొమ్ము ఎత్తులో కట్టి, కుర్చీ బ్రేకులు వేసి, రెండు చివరలనూ పక్కటెముకల దాకా మెల్లగా లాగి, వీపు రెక్కలు రెండూ దగ్గరికి చేర్చి, అంతే మెల్లగా వదలాలి. పదేసి చొప్పున మూడు విడతలు చేయాలి. నొప్పి వస్తే ట్యూబును వదులు చేయాలి, నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

తోయడంలోనూ పద్ధతి ఉంది. పొట్టి పొట్టి కుదుపులకు బదులు నిడుపాటి తోపులు, తరువాత చేయి చక్రం కిందుగా వెనక్కి రావడం భుజానికి సుఖం. చేతిని చక్రం పైభాగాన ఉంచినప్పుడు మోచేయి దగ్గర పైచేయికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉంటే కుర్చీ ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. గాలి తగ్గిన టైరు ప్రతి తోపుకూ బరువు పెంచుతుంది కనుక సైకిల్ షాపులో వారం వారం గాలి కొట్టించుకోవాలి. చేతి పెడలుతో నడిచే పాత మూడు చక్రాల బండి ఇంట్లో మూలన పడి ఉంటే దాన్ని పాత ఇనుము వాళ్లకు అమ్మవద్దని నా మనవి. పెడలు తిప్పడం చక్రాన్ని తోయడంకంటే భుజాలకు తేలిక, అదే శ్రమకు దూరం ఎక్కువ వస్తుంది.

తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను, కీళ్లు బిగుసుకున్నవారికి ఇదంతా యథాతథంగా వర్తించదు. వారి ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది, అందువల్ల నెమ్మదైన కదలికలతోనే మొదలుపెట్టాలి.

ఎండ సంగతి చాలా ముఖ్యం. దెబ్బ తగిలిన చోటికి దిగువన చెమట సరిగా పట్టదు, కాబట్టి ఒళ్లు వేడెక్కితే చల్లబడటం కష్టం. నల్గొండ, మహబూబ్‌నగర్ వేసవిలో వ్యాయామం తెల్లవారుజామునే ముగించాలి. మెడ మీద తడి తువ్వాల, పక్కన నీళ్లు ఉండాలి. గాయం ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదానికిగాని అంతకు పైనగాని ఉన్నవారు మూత్రాశయాన్ని, మూత్రం సంచి తగిలించుకొని ఉంటే దాన్ని కూడా ఖాళీ చేసుకున్నాకే మొదలుపెట్టాలి. నిండిన మూత్రాశయం, మడతపడిన మూత్రపు గొట్టం (క్యాథెటర్) వంటివి వీరిలో బీపీని ప్రమాదకరంగా పెంచగలవు. తల పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చి ముఖం ఎర్రబడితే నిటారుగా కూర్చోబెట్టి, దుస్తులు వదులు చేసి, గొట్టం సరిచూసి, తగ్గకపోతే వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి. ఇంత పైన గాయమైనవారిలో గుండె కొట్టుకునే వేగం శ్రమకు తగినంత పెరగదు కనుక శ్రమను మాటతో కొలవాలి: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి.

కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ చోట పప్పు, గుడ్డు, ఆకుకూరలు పెంచడం మంచి ఆరంభం. రాత్రికి ఒక జొన్నరొట్టె అయితే కడుపు నిండుగా ఉంటుంది, పీచు అందుతుంది, నీళ్లు మాత్రం తగ్గించకూడదు. కల్లును కూడా తిండి లెక్కలోనే వేసుకోవాలి. త్వరగా తగ్గాలని పస్తులుంటే చేతి కండ కరుగుతుంది, కూర్చున్నచోట పుండ్లు పడితే మానవు. నెలకు ఒకటి రెండు కిలోలు చాలు.

మంచం, కుర్చీ, మరుగుదొడ్డి, స్నానాల పీట మధ్య రోజుకు 15 సార్లు ఒంటిని చేతుల మీద ఎత్తి మార్చుకునే మనిషి 5 కిలోలు తగ్గితే, ఆ రెండు భుజాల మీద ఒక్కరోజులోనే దాదాపు 75 కిలోల బరువు తగ్గుతుంది.